చిన్న స్కూటర్ ఎంపిక: మీ నిర్లక్ష్యాన్ని ఏ బండి ఓర్చుకుంటుంది?

స్కూటర్ కొనాలనుకోగానే అందరూ అడిగేవి మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, సీటు కింద హెల్మెట్ పడుతుందా అని. వీటికి అమ్మేవాళ్ళ దగ్గర జవాబులు సిద్ధంగానే ఉంటాయి. అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది: నేను ఏది పట్టించుకోకపోతే ఈ బండి నన్ను నడిరోడ్డు మీద దింపేస్తుంది? పైకి అన్నీ ఒకలాగే కనబడినా, ఒక్కో రకం స్కూటర్ ఒక్కో నిర్లక్ష్యాన్ని అస్సలు సహించదు. టూ-స్ట్రోక్ బండి ఆయిల్ విషయంలో ఒక్క పొరపాటును కూడా క్షమించదు. ఫోర్-స్ట్రోక్ ఆటోమేటిక్ చాలాకాలం ఏమీ అనదు, తర్వాత బెల్టు రూపంలోనో వాల్వుల రూపంలోనో ఒకేసారి లెక్క తేలుస్తుంది. ఎలక్ట్రిక్ బండికి ఇంజన్ గొడవ లేదు కానీ ఛార్జింగు అలవాట్లు బాగా లేకపోతే బ్యాటరీ ముందే ముసలిదైపోతుంది.

కాబట్టి ఏ బండి గొప్పదన్న ప్రశ్నను పక్కన పెడదాం. ఏ బండి అడిగే పనిని మీరు నిజంగా చేస్తారో చూసుకుని ఎంచుకోవాలి.

ముందు మీ గురించి తేల్చుకోవాల్సినవి

మొదటిది రోడ్డు వేగం. మీరు రోజూ వెళ్ళే దారిలో మిగతా బళ్ళు గంటకు 40 కి.మీ. దగ్గర నడుస్తుంటే 50 సీసీ బండి చాలు. అవి 60, 70 మీద పోతుంటే మాత్రం చిన్న బండి పూర్తి యాక్సిలరేటర్ మీద నడుస్తూనే అందరికీ అడ్డం అవుతుంది. వెనక నుంచి వచ్చే లారీకీ మీకూ వేగంలో 25 కి.మీ. తేడా ఉండటం ప్రమాదకరం. ఇది ఇంజన్ ఆరోగ్యం ప్రశ్న కూడా. ఎప్పుడూ చివరిదాకా తిప్పి నడిపే చిన్న ఇంజన్ త్వరగా అరుగుతుంది.

రెండోది బరువు. 50 సీసీ బళ్ళు సుమారు 75 నుంచి 95 కిలోలు, 110–125 సీసీవి 100 నుంచి 115 కిలోలు ఉంటాయి. ఎలక్ట్రిక్ బళ్ళలో తేడా చాలా ఎక్కువ, పెద్ద బ్యాటరీ ఉన్నవి 130 కిలోలు దాటొచ్చు. సీటు మీద కూర్చుని రెండు పాదాల ముందు భాగమైనా నేలకు గట్టిగా ఆనాలి. సెంటర్ స్టాండ్ మీరే వేయగలగాలి, తీయగలగాలి. ఈ రెండూ కొనే ముందే పరీక్షించండి.

మూడోది, అందరూ వదిలేసేది: బండి ఎన్నాళ్ళు కదలకుండా ఉంటుంది? రోజూ 20 కి.మీ. తిరిగే బండికీ, నెలకు రెండుసార్లు బయటికి తీసే బండికీ వచ్చే జబ్బులు వేరు. నాలుగోది, స్పానర్ పట్టే ఓపిక మీకు ఉందా, లేక అన్నీ మెకానిక్‌కే అప్పజెబుతారా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోండి. ఆదివారం కూర్చుని చేసుకుందాంలే అనుకునే పనులు చాలావరకు జరగవు.

| అంశం | 50 సీసీ టూ-స్ట్రోక్ | 110–125 సీసీ ఫోర్-స్ట్రోక్ | ఎలక్ట్రిక్ |
|---|---|---|---|
| ఇబ్బంది పడకుండా నడిచే వేగం | 40–45 కి.మీ. | 60–70 కి.మీ. | మోటారును బట్టి 25 నుంచి 70 దాకా |
| ఓర్చుకోని నిర్లక్ష్యం | 2టీ (టూ-స్ట్రోక్) ఆయిల్ అయిపోవడం | ఇంజన్ ఆయిల్, బెల్టు గడువు దాటడం | ఖాళీ బ్యాటరీతో వదిలేయడం, తప్పుడు ఛార్జర్ |
| దాని ఫలితం | పిస్టన్ పట్టేయడం | ఇంజన్ అరుగుదల, దారిలో బెల్టు తెగడం | దూరం తగ్గిపోవడం, ముదిరితే మంటల ప్రమాదం |
| ఇంట్లో చేసుకోగల పని | చాలా | మధ్యస్థం | బ్రేకులు, టైర్ల వరకే |
| నెలలు కదలకపోతే | కార్బురేటర్ జిగురు పడుతుంది | 12 వోల్టుల బ్యాటరీ దిగుతుంది | లిథియం అయితే సగం ఛార్జితో ఉంచితే ఇబ్బంది లేదు |

టూ-స్ట్రోక్: తేలికైన బండి, కఠినమైన షరతు

ఈ ఇంజన్‌లో క్రాంక్‌కేసు అడుగున నిలవ ఉండే ఆయిల్ ఉండదు. పెట్రోలుతో కలిసి లోపలికి వెళ్ళిన ఆయిలే బేరింగులనూ పిస్టన్‌నూ తడిపి, ఆ తర్వాత కాలిపోతుంది. అందుకే పొగ, అందుకే ఆ వాసన. వాల్వులు లేవు, వాటిని తెరిచే టాపెట్లు లేవు, ఇంజన్ పై భాగం నాలుగు నట్లతో ఊడి వస్తుంది. పని నేర్చుకోవాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి ఇంజన్ దొరకదు.

ఆయిల్‌ను చేత్తో కలిపే బండైతే సాధారణంగా 2 శాతం: 5 లీటర్ల పెట్రోలుకు 100 మిల్లీలీటర్లు, 3 లీటర్లకు 60. బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. కొలత సీసా లేకుండా అందాజాగా పోయొద్దు. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి బండి స్టార్ట్ కాదు, సైలెన్సర్ లోపల మసి గట్టిపడుతుంది. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ఆయిల్ ఎక్కువైన కొద్దీ అదే కొలత మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది. అంటే ‘ఇంకొంచెం పోస్తే ఇంజన్‌కు మంచిదేగా’ అని పోసిన ఆయిలే ఇంజన్‌ను మరింత వేడెక్కించగలదు.

వేరే ట్యాంకు నుంచి పంపు ద్వారా ఆయిల్ అందే బండైతే కలపాల్సిన పని లేదు కానీ ప్రమాదం మరోచోట ఉంది. ఆ ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే గొట్టంలోకి గాలి వెళుతుంది. మళ్ళీ ఆయిల్ పోసి స్టార్ట్ చేసినా పంపు కాసేపు గాలినే నెడుతుంది, ఆ కాసేపట్లో జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. ఆయిల్ నింపాక పంపు దగ్గర గాలి తీసే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి ఆయిల్ ధారగా వచ్చేదాకా ఉంచి బిగించాలి. మొదటి ట్యాంకు పెట్రోలులో కూడా 2 శాతం ఆయిల్ కలిపి నడపడం మంచిది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ డబ్బా చేతికి అందింది కదా అని ఇందులో పోయొద్దు. అది కాలిపోవడానికి తయారైనది కాదు. డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణాల సంస్థ) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గుర్తు ఉన్న 2టీ ఆయిలే వాడాలి.

పట్టేయబోయే ఇంజన్ ముందు చిన్న హెచ్చరిక ఇస్తుంది. చాలాసేపు పూర్తి యాక్సిలరేటర్ మీద నడిచాక ఉన్నట్టుండి బలం తగ్గి, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు ఇంకా తిప్పకూడదు. యాక్సిలరేటర్ మూసేసి, చేతి గేర్ల బండైతే ఆ క్షణమే క్లచ్ పట్టేయాలి. లేకపోతే వెనక చక్రం లాక్ అయి బండి జారుతుంది. పాత గేర్ల స్కూటర్ నడిపేవాళ్ళలో ఎడమచేతి వేళ్ళు క్లచ్ లివర్ మీదే ఉంచే అలవాటు ఇందుకే వచ్చింది.

పొడవైన దిగుడు దారిలో పెట్రోలుతో పాటే ఆయిల్ వెళ్ళే బండికి ఇంకో చిక్కు ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి కిలోమీటర్ల కొద్దీ దిగితే, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది కానీ లోపలికి వెళ్ళే ఆయిల్ బాగా తగ్గిపోతుంది. మధ్యమధ్య కొంచెం తెరిచి మూస్తుండాలి.

పాత స్కూటర్లలో రెండు ముక్కల స్టీలు రిమ్ములు ఉంటాయి. ట్యూబు మార్చేటప్పుడు రిమ్ము ముక్కలను కలిపి ఉంచే నట్లు వదులు చేసే ముందు గాలి మొత్తం తీసేయాలి, వాల్వ్ పిన్నుతో సహా. గాలి ఉండగా నట్లు వదులు చేస్తే రిమ్ము ముక్క విసిరికొట్టినట్టు లేస్తుంది.

మొదటిసారి బండి నేర్చుకునేవాళ్ళకు ఈ రకం సిఫారసు చేయను. నడపడం, ఇంజన్‌ను కనిపెట్టుకుని ఉండటం రెండూ ఒకేసారి నేర్చుకోవడం కష్టం.

110–125 సీసీ ఫోర్-స్ట్రోక్: ఎక్కువమందికి ఇదే, అయితే మూడు షరతులు

ఎక్కువమంది కొనేది ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

మొదటి షరతు ఇంజన్ ఆయిల్. ఈ ఇంజన్లలో ఉండేది 700–800 మిల్లీలీటర్లే. ఒక గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్లు తగ్గితే పావు వంతు పోయినట్టే. కారులో అదే 200 తగ్గినా పెద్దగా తేడా ఉండదు. అందుకే రెండు వారాలకోసారి చూసుకోవాలి. సమతలంగా ఉన్న చోట సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి, ఆపాక మరో మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, తిరిగి పెట్టి చూడండి. చాలా స్కూటర్లలో చూసేటప్పుడు డిప్‌స్టిక్‌ను మరలు తిప్పకుండా ఊరికే ఆనించాలి, కొన్నిట్లో తిప్పాలి. పుస్తకం చూసి తెలుసుకోండి. ఈ ఒక్క తేడాతో ఆయిల్ తక్కువున్నా సరిపోయినట్టు కనబడుతుంది. సైడ్ స్టాండ్ మీద చూసిన లెక్క లెక్క కాదు. పై గీత దాటి పోస్తే అదనపు ఆయిల్ గాలి ఫిల్టర్ డబ్బాలోకి చేరి కొత్త గొడవ తెస్తుంది.

స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండదు, కాబట్టి జాసో ఎంబీ గుర్తున్న ఆయిల్ సరిపోతుంది. మోటారుసైకిళ్ళ ఎంఏ ఆయిల్ పోసినా ఇంజన్ పాడవదు. తిరగబెట్టి ఎంబీ ఆయిల్‌ను గేర్ల మోటారుసైకిల్లో పోస్తే మాత్రం క్లచ్ జారుతుంది. ఎక్కువ బళ్ళకు 10డబ్ల్యూ-30 రకం సరిపోతుంది, మార్చే గడువు సాధారణంగా 3000–4000 కి.మీ. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి దూరం లెక్క పనికిరాదు. ఇంజన్ సరిగా వేడెక్కక లోపల తేమ చేరుతుంది, ఆయిల్ మూత కింద తెల్లని మీగడలాంటి పూత కనబడుతుంది. అలాంటి బండికి ఆరు నెలలకోసారి మార్చేయండి.

ఇంట్లో మార్చుకునేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. కొన్ని ఇంజన్ల అడుగున రెండు బోల్టులు ఉంటాయి. పెద్దదాని వెనక స్ప్రింగు, జాలీ ఉంటాయి. తెలియక తీస్తే స్ప్రింగు ఆయిల్‌తో పాటు ఎగిరి పళ్ళెంలో పడుతుంది. తీసిన వరసలోనే తిరిగి పెట్టాలి, జాలీని పెట్రోలుతో కడగాలి. ఇక డ్రెయిన్ బోల్టు బిగింపు. ఇంజన్ అల్యూమినియం, బోల్టు స్టీలు. కొత్త వాషర్ వేసి చేతికి గట్టిగా తగిలేదాకా, ఆపైన కొద్దిగా బిగిస్తే చాలు. పొడవాటి పానా వేసి ఒంటి బరువంతా మోపితే మరలు తెగుతాయి, పది నిమిషాల పని ఇంజన్ విప్పే పని అవుతుంది.

గేర్ ఆయిల్ వేరే ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. వెనక చక్రం పక్కనున్న పెట్టెలో 100–120 మిల్లీలీటర్లు. ఇంజన్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా దీన్ని ముట్టుకోనట్టే. వేగంతో పాటు పెరిగే సన్నని ఏడుపు శబ్దం వెనక చక్రం దగ్గర వినబడితే మొదట దీన్నే అనుమానించండి.

రెండో షరతు బెల్టు. ఈ బళ్ళలో గేర్లకు బదులు ఎడమ పక్క కవరు లోపల బెల్టు, ముందు కప్పీలో ఆరు రోలర్లు, వెనక కప్పీ మీద క్లచ్ షూలు పనిచేస్తాయి. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ రోలర్లు బయటికి జరిగి ముందు కప్పీని దగ్గరకు నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది, బండి వేగం అందుకుంటుంది. రోలర్లు ఒక వైపు అరిగి బల్లపరుపుగా అయితే ఒక వేగం దగ్గర బండి తడబడుతుంది, పై వేగం తగ్గుతుంది. బెల్టు అరిగి సన్నబడితే ఇంజన్ మోత పెరుగుతుంది కానీ బండి కదలిక పెరగదు. క్లచ్ షూలు గాజులా మెరుపెక్కితే బయల్దేరేటప్పుడు వణుకు. ఈ మూడు లక్షణాలను విడివిడిగా గుర్తుపెట్టుకుంటే మెకానిక్ దగ్గర అనవసరంగా మొత్తం సెట్టు మార్పించుకోకుండా బయటపడతారు.

125 సీసీ బళ్ళలో బెల్టు గడువు చాలావరకు 20,000–24,000 కి.మీ. దగ్గర ఉంటుంది, 50 సీసీలో అందులో సగం. గడువుకు ముందే ఒకసారి కవరు విప్పించి బెల్టు వెడల్పు కొలిపించండి. బెల్టు పళ్ళ మొదట్లో సన్నని పగుళ్ళు కనబడితే కొలత సరిపోయినా మార్చేయాల్సిందే. బెల్టు తెగితే ఎక్కువసార్లు ఇంజన్ నడుస్తూ బండి ఆగిపోతుంది. అరుదుగా ముక్కలు కప్పీల మధ్య ఇరుక్కుని చక్రాన్ని పట్టేయొచ్చు.

నడిపే తీరు కూడా బెల్టు ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఎత్తు మీద సిగ్నల్ దగ్గర బ్రేకు పట్టకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని ఆపి ఉంచడం చాలామందికి అలవాటు. క్లచ్ షూలు సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతాయి, ఆ వేడికి బెల్టు ముదురుతుంది. వెనక బ్రేకు పట్టి ఉంచండి, కదిలే ముందే వదలండి. దిగుడులో ఇంకో సంగతి గుర్తుండాలి: వేగం గంటకు 10–15 కి.మీ. కిందికి పడితే క్లచ్ వదిలేస్తుంది, ఇంజన్ పట్టు పోయి బండి ఒక్కసారిగా తేలిగ్గా జారుతున్నట్టు అనిపిస్తుంది. ఏటవాలు మలుపులో ఇది జరిగితే కొత్తవాళ్ళు కంగారు పడతారు. బ్రేకు ముందునుంచే పట్టి ఉంటే ఇబ్బంది లేదు.

మూడో షరతు టాపెట్లు. వాల్వు సందు చాలా చిన్న ఇంజన్లలో 0.05 నుంచి 0.15 మి.మీ. మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె బండి పుస్తకంలో చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. టక్‌టక్ మనే టాపెట్ చూసి అందరూ భయపడతారు. నిజానికి భయపడాల్సింది శబ్దం రాని బిగుతు టాపెట్‌కే. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట అంచుల గుండా పోయి వాల్వును కాల్చేస్తుంది. ‘మా బండి చాలా నిశ్శబ్దంగా ఉంది, పొద్దున మాత్రం స్టార్ట్ అవడానికి ఏడిపిస్తోంది’ అంటే ముందు టాపెట్లు చూపించండి.

కార్బురేటరా, ఇంజెక్షనా అన్న ప్రశ్నకు జవాబు బండి ఎంత తరచు తిరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజూ తిరిగేదైతే ఇంజెక్షన్ మేలు. చలిలో చోకు గొడవ లేదు, పెట్రోలు కొలత సరిగ్గా ఉంటుంది. కానీ 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే చాలా ఇంజెక్షన్ బళ్ళు కిక్కు కొట్టినా కదలవు, పంపుకూ కంప్యూటర్‌కూ కరెంటు కావాలి. కార్బురేటర్ బండి అలాంటప్పుడు కిక్కుతో లేస్తుంది కానీ రెండు మూడు నెలలు కదలకపోతే జెట్టులో జిగురు పడుతుంది. నిలవ పెట్టే ముందు పెట్రోలు కాక్ మూసి, అడుగు స్క్రూ వదులు చేసి కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. ఇంజెక్షన్ బండిని ప్రతిసారీ రిజర్వు అట్టడుగుదాకా నడపొద్దు. ట్యాంకులోని పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే.

గాలి ఫిల్టర్ ఒక్క మాటలో: స్పాంజి రకమైతే కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి పెట్టొచ్చు. ఆయిల్ పూతతో వచ్చే కాగితం రకాన్ని కడగొద్దు, గాలి కొట్టొద్దు, గడువుకు మార్చేయండి.

ఎలక్ట్రిక్: ఇంజన్ పని సున్నా, ఛార్జింగు క్రమశిక్షణ పూర్తి

ముందు దూరం లెక్క మీరే వేసుకోండి. వోల్టులను యాంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 60 వోల్టులు, 30 యాంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 1800 వాట్ అవర్లు. చిన్న స్కూటర్‌కు కిలోమీటరుకు 25–35 వాట్ అవర్లు ఖర్చవుతాయి. 30 చొప్పున కాగితం మీద 60 కి.మీ. వస్తుంది. ఎప్పుడూ 20 శాతం మిగిల్చి నడిపితే 48. కొన్నేళ్ళకు బ్యాటరీ సత్తా 80 శాతానికి పడినప్పుడు అదే లెక్క 38కి దిగుతుంది. మీ రోజువారీ అవసరం ఈ చివరి అంకెలో ఇమిడితేనే ఆ బ్యాటరీ మీకు సరిపోయినట్టు. ప్రకటనలో చెప్పే దూరం చూసి కొని, మూడో ఏట తిట్టుకోవడం దండగ.

బ్యాటరీ రకాల్లో లెడ్ యాసిడ్‌ది అన్నిటికంటే తక్కువ ఆయుష్షు. దిగిపోయిన స్థితిలో వదిలేస్తే పలకల మీద గట్టి పూత పేరుకుని మళ్ళీ కోలుకోదు, కాబట్టి వాడినా వాడకపోయినా నిండుగా ఉంచాలి. లిథియం రకాలది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నెలల తరబడి పక్కన పెట్టాలంటే సగం ఛార్జి, అంటే 40–60 శాతం మేలు. వీటిలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బరువు ఎక్కువ కానీ ఎక్కువసార్లు ఛార్జింగు తట్టుకుంటుంది, వేడికి త్వరగా చలించదు. ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్) అదే బరువులో ఎక్కువ దూరం ఇస్తుంది, వేడి విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎండలో తిరిగే బండికైతే నా ఓటు ఎల్ఎఫ్‌పీకే.

ఛార్జింగులో చేయకూడనివి: వేరే బండి ఛార్జర్ పెట్టడం, పిన్ను సరిపోయినా సరే; తిరిగి వచ్చిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని ఛార్జింగుకు పెట్టడం; గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయడం; ఇంట్లోంచి బయటికి వెళ్ళే దారికి అడ్డంగా బండి పెట్టి రాత్రంతా ఛార్జ్ చేయడం. కింద పడి దెబ్బ తిన్న, ఉబ్బిన, నీళ్ళలో మునిగిన బ్యాటరీ పైకి బాగానే ఉన్నా మళ్ళీ తగిలించొద్దు. లోపలి సెల్ పాడై గంటల తర్వాత కూడా మంట అంటుకోవచ్చు.

నడిపేటప్పుడు పెద్ద తేడా నిశ్శబ్దం. పెట్రోలు బండి ఆన్‌లో ఉంటే చెవికి తెలుస్తుంది. ఎలక్ట్రిక్ బండి ఆన్‌లో ఉండి కదలకుండా నిలబడి ఉంటుంది. పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని తోసేటప్పుడు, పిల్లలు ముందు ఎక్కినప్పుడు చేయి తగిలి యాక్సిలరేటర్ తిరిగితే బండి దూకుతుంది. దిగే ముందే తాళంచెవి తిప్పి బండి ఆఫ్ చేయడం అలవాటు కావాలి. పార్కింగ్ మోడ్ ఉన్న బండైతే ఇంకా మంచిది.

మోటారు వెనక చక్రంలోనే ఉండే రకంలో భాగాలు తక్కువ, బెల్టు లేదు. కానీ ఆ చక్రం విప్పాలంటే ఇరుసులోంచి వచ్చే వైర్లు ముందు ఊడదీయాలి, ప్రతి పంక్చర్ షాపూ దానికి సిద్ధంగా ఉండదు. చక్రం తిరిగి పెట్టాక ఇరుసు నట్లు సరిగ్గా బిగించకపోతే మోటారు బలానికి ఇరుసే తిరిగి వైర్లు మెలిపడి తెగుతాయి. ట్యూబ్‌లెస్ టైరు ఉంటే చక్రం విప్పకుండానే పంక్చర్ వేయొచ్చు కాబట్టి, ఈ రకం కొనేవాళ్ళు ట్యూబ్‌లెస్ తప్పనిసరి అనుకోవాలి.

ఏ ఇంజనైనా: బ్రేకులు, చక్రాలు

ఇక్కడ ఎంపికలో తప్పు చేస్తే పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వృథా.

10 అంగుళాల చక్రం బండిని చురుగ్గా తిప్పుతుంది, గుంతలో మాత్రం లోతుగా దిగుతుంది. 12 అంగుళాలది అదే గుంత అంచును తేలిగ్గా ఎక్కి దాటుతుంది. రోడ్డు బాగోని చోట ముందు చక్రం 12 అంగుళాలైనా ఉన్న బండే తీసుకోండి. 14, 16 అంగుళాలవి ఇంకా నిలకడగా ఉంటాయి, సీటు ఎత్తు పెరిగి సీటు కింద చోటు తగ్గుతుంది.

డ్రమ్ము బ్రేకు చవక, దుమ్ము చొరబడదు, ఇంట్లోనే సర్దుకోవచ్చు. నీళ్ళలోంచి వచ్చాక కాసేపు పట్టు తక్కువ ఉంటుంది, మెల్లగా నడుపుతూ లివర్ తేలిగ్గా పట్టి ఆరబెట్టాలి. డిస్కు బ్రేకు వేలితో కొలిచినట్టు ఆగుతుంది, పొడవైన దిగుడులో త్వరగా నీరసించదు. దాని బ్రేకు ద్రవం మాత్రం గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, సిలికోన్ రకమైన డాట్ 5 వాటిలో కలపొద్దు. ప్యాడ్ల మందం 1 మి.మీ. దగ్గరికి వచ్చేలోపే మార్చేయండి.

ఎడమ లివర్ పడితే రెండు బ్రేకులూ పనిచేసే సీబీఎస్, వెనక బ్రేకు మాత్రమే పట్టే అలవాటున్నవాళ్ళను కొంతవరకు కాపాడుతుంది. చక్రం లాక్ కాకుండా మాత్రం ఆపదు. అది ఏబీఎస్ పని. తడి రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు ముందు డిస్కు, ఏబీఎస్ ఉన్న బండి దొరికితే మిగతా సౌకర్యాలు వదులుకునైనా దాన్నే ఎంచుకోమంటాను.

డ్రమ్ము సర్దుబాటు: లివర్ చివర 10–20 మి.మీ. ఖాళీ కదలిక ఉండాలి. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, వెనక చక్రం దగ్గరున్న సర్దుబాటు నట్టును సగం చుట్టు చొప్పున తిప్పండి. నట్టులోని గాడి పిన్ను మీద టక్కున కూర్చోవాలి, మధ్యలో ఆగితే కదిలినప్పుడు దానంతటదే జరిగి ఖాళీ మారిపోతుంది. చక్రం చేత్తో తిప్పి చూడండి, రాపిడి లేకుండా తిరగాలి. బ్రేకు పట్టినప్పుడు డ్రమ్ము మీది బాణం గుర్తు చివరి గీతను చేరితే షూలు అయిపోయినట్టే. ఇక సర్దుబాటుతో లాక్కురావద్దు.

టైరు గాలి వారానికోసారి, బండి నడపకముందు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చాలా 110 సీసీ బళ్ళలో ముందు 22, వెనక 29 పీఎస్ఐ దగ్గర ఉంటుంది, వెనక మనిషి కూర్చుంటే వెనకది పెంచాలి. మీ బండి అంకె స్టిక్కర్ మీద ఉంటుంది. చిన్న టైరులో 5 పీఎస్ఐ తగ్గినా హ్యాండిల్ బరువెక్కుతుంది.

ఎవరికి ఏది

కొత్తగా నేర్చుకుని, రద్దీలో రోజూ తిరగాల్సినవాళ్ళకు 110 సీసీ ఫోర్-స్ట్రోక్, ఇంజెక్షన్, ముందు 12 అంగుళాల చక్రం. మెకానిక్ మీదే ఆధారపడినా నడుస్తుంది, ఆయిల్ తేదీ, బెల్టు కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి సీటు కింద ఉంచితే చాలు.

రోజూ ఒకే దారిలో 30 కి.మీ. లోపు తిరిగి, ఇంటి దగ్గర గాలి ఆడే ఛార్జింగు చోటు ఉన్నవాళ్ళకు ఎలక్ట్రిక్. పై అంతస్తులో ఉంటూ బ్యాటరీ మోయాల్సి వస్తే ఆ బ్యాటరీ బరువు చేత్తో ఎత్తి చూశాకే నిర్ణయించుకోండి.

నెలకు ఒకటి రెండుసార్లే బండి తీసేవాళ్ళు కాస్త ఆలోచించాలి. కార్బురేటర్ బండి వాళ్ళను ఏడిపిస్తుంది, ఇంజెక్షన్ బండి బ్యాటరీ దిగి ఆగిపోతుంది. వీళ్ళకు లిథియం ఎలక్ట్రిక్ మేలు. లేదంటే ఇంజెక్షన్ బండి, దాంతో పాటు 12 వోల్టుల బ్యాటరీకి గోడ ఛార్జరు. బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక వోల్టు మీటరు 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపితే ఛార్జ్ చేయాలి.

టూ-స్ట్రోక్ స్పానర్ పట్టడమే సరదా అయినవాళ్ళకు. ఏకైక బండిగా కాదు, రెండో బండిగా.

సెకండ్ హ్యాండ్ అయితే చూడాల్సిన వరస

బండి చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే ముందుగా స్టార్ట్ చేయొద్దని కోరండి. వెళ్ళగానే ఇంజన్ మీద చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి, మధ్యలో పళ్ళు పట్టినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. వెనక చక్రాన్ని పక్కలకు కదిపి చూడండి, టక్కుమంటే బేరింగో బుష్షో మార్చాలి. టైరు పక్క నాలుగు అంకెలు చదవండి, 2421 అంటే 2021లో 24వ వారంలో తయారైనది. అరగకపోయినా పక్కన పగుళ్ళు కనబడితే టైర్ల ఖర్చు బేరంలో కలపాలి. తర్వాత వెనక బ్రేకు పట్టుకుని స్టార్ట్ చేయండి. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ నడుస్తుండగా, స్టాండ్ మీద వెనక చక్రం గట్టిగా తిరుగుతుంటే ఐడిల్ ఎక్కువ పెట్టి ఏదో లోపం దాచారని, లేదా క్లచ్ వదలడం లేదని అర్థం. తిరిగే చక్రం దగ్గర చేయి పెట్టొద్దు. నీలం పొగ వస్తే ఫోర్-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ కాలుస్తోంది. చెప్పినా వినకుండా ఇంజన్ ముందే వేడి చేసి ఉంచారంటే చల్లని స్టార్టింగ్ చూపించడం వాళ్ళకు ఇష్టం లేదన్నమాట. బేరం మాట్లాడకుండా, చల్లారాక మరో పూట వస్తామని చెప్పి వచ్చేయండి.